గేటు లోపల మిగిలిన మట్టిని మూసేయకండి: విజయవాడ అపార్ట్‌మెంట్ సంఘాలకు బహిరంగ లేఖ

విజయవాడ నగరంలోని అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘాలు, కాలనీ సంక్షేమ సంఘాల ప్రెసిడెంట్లకు, సెక్రటరీలకు, ట్రెజరర్లకు, కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

నేను పటమటలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరయ్యాను. మీతో ఒక్క మాట మాట్లాడదామని ఈ లేఖ రాస్తున్నాను, ఆ మాట ముందే చెప్పేస్తాను. మన కాంపౌండు గోడల లోపల ఇంకా ఎక్కడైనా మట్టి కనిపిస్తుంటే దాని మీద సిమెంటు పోయించకండి. ఇప్పటికే పోయించిన చోట ఎంతో కొంత తీయించండి. ఆ మట్టిని, అందులో పెరిగే చెట్టును, పక్కనుండే ఇంకుడు గుంతను కూడా లిఫ్టు, జనరేటరు, బోరు మోటారు సరసన చేర్చండి. అవీ మన బిల్డింగు సదుపాయాలే. మెయింటెనెన్స్ ఖాతాలో వాటికీ ఏటా ఒక పద్దు ఉండాలి.

ఇది కార్పొరేషన్‌ను అడగాలి గానీ మమ్మల్ని అడగడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. రోడ్లు, పార్కులు, పెద్ద కాలువలు వాళ్ల చేతిలో ఉన్న మాట నిజమే. వాళ్లను అడగాల్సింది చాలానే ఉంది, అడుగుతాం కూడా. అయితే ఊళ్లో ఎక్కువ నేల రోడ్ల కింద లేదు, మన ప్లాట్ల లోపల ఉంది. దాని మీద పడిన వానను ఏం చేయాలో, అక్కడ నీడ ఉండాలో వద్దో తేల్చేది మన కమిటీ మీటింగులే. ఒక ఆదివారం అయిదారుగురు కూర్చుని, కాఫీ తాగుతూ, పార్కింగులో బురద అవుతోంది టైల్స్ వేయించేద్దాం అని తీర్మానం చేస్తే అక్కడి మట్టి సంగతి ఒక తరానికి తేలిపోయినట్టే. మళ్లీ దాన్ని ఎవరూ తవ్వరు.

ఇది ఎలా జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. బిల్డరు అప్పగించేటప్పుడు చుట్టూ సెట్‌బ్యాక్‌లో, అంటే బిల్డింగుకూ కాంపౌండు గోడకూ మధ్య వదిలే ఖాళీలో, ఎంతో కొంత మట్టి ఉంటుంది. మొదటి వానాకాలానికి కారు టైర్లకు బురద అంటుకుని పార్కింగంతా మరకలవుతుంది. రెండో ఏడు ముందు వైపు టైల్స్ పడతాయి. తర్వాత పక్క సందుల్లో గడ్డి మొలిచింది, పాము కనిపించిందని అక్కడా కాంక్రీటు పోస్తారు. ఇంకుడు గుంత మూత మీద ఎవరో బైకులు పెడతారు, కొన్నాళ్లకు దాని మీద కూడా గ్రానైట్ ముక్కలు పరుస్తారు. డాబా మీది వాననీటి పైపు ఆ గుంతలోకి పోవాల్సింది, ఎవరో ప్లంబరు దాన్ని నేరుగా వీధి కాలువలోకి కలిపేస్తాడు. చివరికి ఇంకుడు గుంత ప్లాను కాగితం మీద మాత్రమే మిగులుతుంది. స్థలం ఒక స్థాయి దాటితే సెట్‌బ్యాక్‌లో మీటరు వెడల్పున పచ్చదనం ఉంచాలని మన భవన నిర్మాణ నిబంధనలే చెబుతున్నాయి. ఆ మీటరు ఇప్పుడు ఎన్ని బిల్డింగుల్లో మిగిలి ఉందో మన వీధిలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే కనిపిస్తుంది.

ఇక వాన లెక్క. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 500 గజాల స్థలం అంటే దాదాపు 418 చదరపు మీటర్లు. సాయంత్రం ఒక గట్టి వాన పడి 5 సెంటీమీటర్లు కురిసిందనుకోండి, ఆ ఒక్క స్థలం మీద పడే నీళ్లు దాదాపు 21 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. స్థలమంతా డాబా, టైల్స్, కాంక్రీటే అయితే అందులో చుక్క కూడా లోపలికి దిగదు, దాదాపు అంతా గంటా రెండు గంటల్లో గేటు దాటి వీధిలోకి వస్తుంది. అలాంటి బిల్డింగులు ఒక వీధిలో ఇరవై ఉంటే 4 లక్షల లీటర్లకు పైనే. రెండడుగుల వెడల్పు సైడు కాలువ, అందులో సగం పూడిక, ప్లాస్టిక్ కవర్లు. అది ఎంతని మోయగలదు? అందుకే వాన వెలిసిన గంటకు కూడా లోబ్రిడ్జి దగ్గర, బందరు రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లలో మన గేటు దాటి వచ్చినవీ ఉన్నాయి.

అదే స్థలం మీద ఏడాది పొడుగునా పడే వాన లెక్క చూడండి. మన ప్రాంతంలో సగటున మీటరు దాకా కురుస్తుంది. 500 గజాల మీద అది 4 లక్షల లీటర్లు దాటుతుంది, ట్యాంకర్లలో చెప్పాలంటే ఎనభైకి పైగా. జూలైలో ఆ నీటినంతా కాలువలోకి వదిలేసి, ఏప్రిల్‌లో బోరు ఎండిందని ట్యాంకరుకు ఫోన్ చేసే అపార్ట్‌మెంట్లు నగర శివారుల్లో ఏటా పెరుగుతూనే ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ఉండి నీళ్లు కొనుక్కోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. 2024 సెప్టెంబర్ 1న సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగింది మన డాబాల మీది నీళ్లతో కాదు. ఎగువన కుండపోతగా కురిసి, బుడమేరు వాగు డైవర్షన్ కాలువకు గండ్లు పడి వచ్చిన వరద అది. ఆ మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది. బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ రాలేదు. పడవల మీద పాలు, ట్రాక్టర్ల మీద అన్నం, డ్రోన్లతో మంచినీళ్ల సీసాలు అందించిన ఆ రోజుల్ని మనం మరిచిపోలేం. అలాంటి వరదను ఏ ఇంకుడు గుంతా ఆపదు, ఏ చెట్టూ ఆపదు. బుడమేరుకు కావాల్సినవి గట్ల బలం, వెడల్పు, ఆక్రమణల తొలగింపు. అవి ప్రభుత్వం చేయాల్సిన పనులు. నేను మాట్లాడుతున్నది ఏటా వచ్చే మామూలు వానల సంగతి. జూన్ నుంచి అక్టోబర్ దాకా పడే ఇరవై, ముప్ఫై, యాభై మిల్లీమీటర్ల వానలివి. ఇంట్లోకి నీళ్లు, పిల్లల స్కూలు ఆటో ఆగిపోవడం, మ్యాన్‌హోల్ పొంగడం, ఆ తర్వాత జ్వరాలు. ఇవి మన చేతిలో ఉన్నవి. పైగా పెద్ద వరద వచ్చిన రోజున కూడా ఊళ్లో పడిన వాన ఎంతో కొంత నేలలోకి దిగితే ఆ మేరకు కాలువల మీద భారం తగ్గుతుంది.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్ కథ మనకు పనికొస్తుంది. 2011 జూలై 2న అక్కడ రెండు మూడు గంటల్లో 15 సెంటీమీటర్ల దాకా కురిసి, నగరం మధ్యలో ఎన్నో సెల్లార్లు మునిగాయి. తర్వాతి ఏడాది వాళ్లు ఒక ప్రణాళిక వేసుకున్నారు. లోపల పైపులు పెద్దవి చేసుకుంటూ పోవడం కంటే, పార్కుల్ని, వీధుల పక్క పచ్చని పల్లాల్ని వాన పట్టేలా మలచడం కలిపి చేస్తేనే ఖర్చు గిట్టుబాటవుతుందని వాళ్ల లెక్కల్లో తేలింది. ఒక పాత పార్కును 22 వేల ఘనపు మీటర్లకు పైగా నీళ్లు నిలిచేలా తిరిగి కట్టారు. మామూలు రోజుల్లో అక్కడ పిల్లలు ఆడుకుంటారు, గట్టి వాన రోజున అది చెరువవుతుంది. వాళ్లకున్న డబ్బు మనకు లేదు నిజమే. కానీ నేలను పల్లంగా ఉంచడానికి డబ్బు కంటే ముందు ఆ ఆలోచన రావాలి.

పల్లం అన్నాను కదా, ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ చిన్న సంగతే చాలా చోట్ల తలకిందులుగా ఉంది. మన అపార్ట్‌మెంట్లలో పూలమొక్కల కోసం గోడ వారన మడి కడతారు. ఇటుకలు పేర్చి, ప్లాస్టరింగ్ చేసి, రంగు వేసి, అడుగున్నర ఎత్తున అందులో ఎర్రమట్టి పోస్తారు. చూడ్డానికి బాగుంటుంది. వాన పడితే మాత్రం చుట్టూ టైల్స్ మీద పడిన నీళ్లు ఆ మడిలోకి ఎక్కలేవు, గేటు వైపు పారిపోతాయి. పైగా మడిలో మట్టి కూడా కొట్టుకొచ్చి టైల్స్ మీద చేరుతుంది. దాన్నే ఎత్తు తీసేసి, టైల్స్ కంటే 15 సెంటీమీటర్లు పల్లంగా కట్టించండి. అంచు ఇటుకల మధ్య అక్కడక్కడా సందులు వదలండి. మీటరు వెడల్పు, 20 మీటర్ల పొడవు ఉన్న అలాంటి మడిలో 3 వేల లీటర్ల నీళ్లు నిలుస్తాయి, అది కాక అడుగున దిగిపోయేవి వేరే. ఒకసారికి ఎన్ని నీళ్లు నిలుస్తాయని చూస్తే, రాళ్లు నింపిన మామూలు ఇంకుడు గుంత కంటే ఇదే ఎక్కువ. మీటరున్నర పొడవు, మీటరున్నర వెడల్పు, రెండు మీటర్ల లోతున గుంత తవ్వినా, రాళ్లు, కంకర పోశాక మధ్య ఖాళీల్లో పట్టేది రెండు వేల లీటర్ల లోపే.

గుంత వద్దనడం లేదు. డాబా నీళ్లకు గుంత, నేల మీది నీళ్లకు పల్లపు మడి, రెండూ కావాలి. గుంత ఉన్నవాళ్లు మే నెలాఖరుకల్లా దాన్ని తెరిపించండి. పైన పొరగా ఉన్న ఇసుకలో దుమ్ము, ఆకుల నుసి పట్టి పేడలా గట్టిపడి ఉంటుంది. ఆ పొర తీసి కడిగితేనో, కొత్త ఇసుక పోస్తేనో తప్ప నీళ్లు దిగవు. తొలి వాన నీటిని గుంతలోకి వదలకండి, డాబా మీది ఏడాది మురికి అందులోనే ఉంటుంది. కారు కడిగిన నీళ్లు, వాషింగ్ మెషిన్ నీళ్లు, సెప్టిక్ ట్యాంకు పొంగిన నీళ్లు పొరపాటున కూడా అందులోకి పోకూడదు, అవి నేలలోకి ఇంకి మన బోరు నీళ్లలోనే కలుస్తాయి. పునాదికి, సెల్లారు గోడకు ఆనించి గుంత తవ్వించకండి.

ఊరంతా ఒకే రకం గుంత పనికిరాదు. రేగడి నేల ఉన్న చోట నీళ్లు చాలా మెల్లగా దిగుతాయి, అక్కడ గుంత అడుగున ఇసుక పొర తగిలేదాకా బోరు వేయించి సన్న పైపు దించాల్సి వస్తుంది. కృష్ణలంక, రాణిగారితోట లాంటి నది పక్క ప్రాంతాల్లో వరద రోజుల్లో నేల కింద నీళ్లు బాగా పైకి ఉంటాయి. అక్కడ గుంత కంటే చెట్టు, పల్లపు మట్టి మేలు. మొగల్రాజపురం, గుణదల, వన్‌టౌన్ కొండల అంచున ఉండేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. వేళ్లు బండరాళ్లను ఆపలేవు గానీ, కొండ వాలున గడ్డి, పొదలు ఉంటే పైమట్టి కొట్టుకుపోకుండా పట్టుకుంటాయి. వాలు మీది పొదల్ని శుభ్రం చేయడం పేరుతో చెక్కేయకండి, నీళ్లు ఎటు పోతాయో ఇంజినీరును అడగకుండా అక్కడ గుంతలు తవ్వకండి.

ఇప్పుడు ఎండ. బెజవాడ ఎండ గురించి బెజవాడ వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది. 2015 మే నెలలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బయట పనిచేసుకునేవాళ్లు, వయసు మళ్లినవాళ్లు. చెట్టు నీడలో ఉన్న తారు, సిమెంటు ఎండలో ఉన్నదాని కంటే 11 నుంచి 25 డిగ్రీలు చల్లగా ఉంటాయని అమెరికా పర్యావరణ సంస్థ చెప్పే లెక్క. అది నేల వేడి లెక్క, గాలి అంత తగ్గదు. కానీ మన ఒంటికి తగిలేది గాలి వేడి ఒక్కటే కాదు, నేల నుంచి, గోడ నుంచి కొట్టే సెగ కూడా. చెట్టు నీడ ఇవ్వడంతో ఆగదు, వేళ్లతో పీల్చిన నీటిని ఆకుల నుంచి ఆవిరిగా వదులుతుంది, ఆ ఆవిరి చుట్టూ ఉన్న వేడిని తీసుకుపోతుంది. ఎండాకాలం సాయంత్రం లయోలా కాలేజీ ఆవరణ పక్కగా బండి మీద వెళ్తుంటే చెట్ల వరుస రాగానే ఒంటికి తెలిసిపోతుంది.

కాంక్రీటుతో ఇంకో బాధ రాత్రి పూట. పగలంతా తాగిన వేడిని అది రాత్రి పన్నెండు దాకా వదులుతూనే ఉంటుంది. చుట్టూ సెట్‌బ్యాక్ అంతా టైల్స్ అయితే మొదటి అంతస్తు కిటికీ తెరిస్తే వచ్చేది సెగే. ఏసీ వేసుకుంటాం, ఏసీ బయటికి వదిలే వేడి పక్క ఫ్లాటు కిటికీలోకి పోతుంది. ఇందులో ఎక్కువ అవస్థ పడేది ఏసీ లేనివాళ్లు. సెల్లారులో పిల్లలతో ఉండే మన వాచ్‌మన్ కుటుంబం రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఒకసారి చూడండి.

ఇప్పుడు చెట్టు. మా వీధిలో ఒక గేటు పక్కన కానుగ చెట్టు ఉంది. వయసు ముప్ఫై దాటి ఉంటుంది. ఫుట్‌పాత్ టైల్స్ వేసినప్పుడు మొదలు చుట్టూ అంగుళం సందు కూడా వదలకుండా సిమెంటు పట్టించారు. రెండేళ్లకు మొదలు లావయ్యి సిమెంటు అంచు బెరడులోకి దిగింది. అక్కడ బెరడు ఉబ్బి, నల్లగా రసం కారి, చీమలు పట్టాయి. పై కొమ్మల్లో ఆకు చిన్నదైపోయింది, ఫాల్గుణంలో రాలిన ఆకు చైత్రం వచ్చినా సగం కొమ్మల్లో తిరిగి చిగురించలేదు. ఆ ఇంటివాళ్లు చెట్టుకు ముసలితనం వచ్చిందన్నారు. కానుగకు ముప్ఫై ఏళ్లంటే నడివయసు కూడా కాదు. ఇద్దరు కుర్రాళ్లు సుత్తి, శానం పట్టుకుని చుట్టూ మీటరు మేర సిమెంటు పగలగొట్టి, రాలిన ఆకులే మట్టి మీద పరిచి, వారానికోసారి నీళ్లు పోశారు. మరుసటి వేసవికి ఆ చెట్టు కింద ఎండపొడ పడనంత దట్టంగా ఆకు వేసింది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల కేసులో మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది కూడా ఇందుకే. వేరుకు నీళ్లతో పాటు గాలి కావాలి. మట్టి మీద సిమెంటు పోస్తే రెండూ ఆగిపోతాయి.

ఆ చెట్టు కింద పొద్దున ఇస్త్రీ బండి ఉంటుంది. పదకొండింటికి కొబ్బరిబోండాల బండి వస్తుంది. మధ్యాహ్నం డెలివరీ కుర్రాళ్లు బండ్లు ఆపుకుని అన్నం తింటారు. స్కూలు బస్సు కోసం తల్లులు నిలబడేదీ అక్కడే. ఆ నీడ పోతే ఇస్త్రీ చేసే ఆవిడ మేలో మధ్యాహ్నం పని మానేయాలి, అంటే సగం కూలి పోయినట్టే. మన అపార్ట్‌మెంట్ ముందు ఉన్న చెట్టు మన ఒక్కరిది కాదు, దాని మీద ఎంతమంది బతుకు ఆధారపడి ఉందో కొట్టించే ముందు దయచేసి కింద నిలబడి చూడండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం 2002లోనే వచ్చింది, చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి. కరెంటు తీగలకు తగులుతోందని తల మొత్తం నరికించేవాళ్లున్నారు. తీగకు అడ్డొచ్చే కొమ్మను మాత్రం మొదలు దగ్గర నీటుగా కోయిస్తే చెట్టూ బతుకుతుంది, తీగా బతుకుతుంది.

మీటింగుల్లో వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ఆకులు రాలుతున్నాయి, ఊడ్వలేక చస్తున్నాం అంటారు. ఊడ్చిన ఆకును కవరులో కట్టి చెత్త బండికి ఇవ్వకుండా ఆ పల్లపు మడిలోనే పరిచేస్తే పని తగ్గుతుంది, మట్టి తడి ఆరదు. వేళ్లు సంపులోకి వస్తాయి అంటారు. బాగున్న పైపును, గట్టి గోడను వేరు పగలగొట్టి లోపలికి రాదు, అప్పటికే కారుతున్న జాయింటు దగ్గర తడి ఉంటే అందులో దూరుతుంది. అలా వేరు వచ్చిందంటే ముందు లీకును వెతికించండి. ఇక దోమలు. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పైనే పడుతుంది, దానికి కదలని నీళ్లు కావాలి. ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోయే మడిలో అది పుట్టదు. కూలర్ ట్రేలు, మూత లేని సంపులు, డాబా మీద పాత టైర్లు చూడండి, అక్కడుంటుంది. రెండు రోజులైనా నీళ్లు నిలిచే ఉన్నాయంటే ఆ మట్టి గట్టిపడిందన్నమాట, గడ్డపారతో పొడిపించి కాస్త ఇసుక, ఎరువు కలపండి. కార్లు పెట్టుకోవాలి కదా అంటే, టైర్లు ఆనే రెండు పట్టీల మేర టైల్స్ ఉంచి మధ్యలో గడ్డి వదలవచ్చు, లేదా గడ్డి మొలిచే సందులున్న పేవర్లు వేయించవచ్చు.

ఏ చెట్టు అనే దగ్గర మాత్రం తొందరపడకండి. నర్సరీవాళ్లు త్వరగా ఎదుగుతుందని కోనోకార్పస్ ఇస్తారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్క నాటడాన్నే నిషేధించింది. మన పక్షులకు, తేనెటీగలకు దానితో పెద్దగా పనిలేదు, వేళ్లు నీటి పైపుల వెంట పడతాయి. గుల్మొహర్, నిద్రగన్నేరు చాలా అందంగా ఉంటాయి గానీ గాలివానకు కొమ్మ విరుగుతుంది, ఇళ్ల మధ్య ఇరుకులో వద్దు. విశాఖలో 2014 అక్టోబర్ హుద్‌హుద్ తుఫానుకు చెట్లు ఎలా కూలాయో చూశాం, మనకూ తుఫానులు కొత్త కాదు. వీధి వెడల్పుంటే వేప, కానుగ, నేరేడు. ఇరుకైన సెట్‌బ్యాక్‌లో పొగడ, దాని పూల వాసన ఒక్కటి చాలు నాటినవాళ్లను నాలుగు ఇళ్లవాళ్లు తలుచుకోవడానికి. రావి, మర్రి కాంపౌండులో వద్దు, పార్కులో, కాలువ గట్టున నాటించండి. వేప పెట్టుకున్న అపార్ట్‌మెంట్‌కు ఉగాది పచ్చడికి పువ్వు బజారులో కొనే పని ఉండదు.

కాలువ గట్ల మాట వచ్చింది కాబట్టి రైవస్, ఏలూరు, బందరు కాలువలకు ఎదురుగా ఉన్న సంఘాలకు ఒక విన్నపం. 1850లలో ఆనకట్ట కట్టి ఈ కాలువలు పారించబట్టే ఈ ఊరు ఇంత ఊరైంది. మీ గుమ్మం ముందున్న గట్టు మీద చెత్త వేయనివ్వకండి, బిల్డింగు పనుల చెత్త అసలు వేయనివ్వకండి. ఇళ్ల మధ్య ఇంత నీరు, ఇంత గాలి ఉన్న నగరాలు దేశంలో కొద్ది. ఒక్కో సంఘం తన ముందున్న యాభై మీటర్ల గట్టును చూసుకున్నా చాలు, పొద్దున వాకింగ్ చేసేవాళ్లకు చెట్ల కింద బాట దొరుకుతుంది.

ఖర్చు గురించి. నేను పెద్ద ప్రాజెక్టులు అడగడం లేదు. బిల్డింగుకు రంగులు వేయించేటప్పుడు, టైల్స్ మార్చేటప్పుడు, బోరు రిపేరు వచ్చినప్పుడు ఎలాగూ పనివాళ్లు వస్తారు. ఆ పనిలోనే ఇది కలపండి. మడి పల్లంగా మార్చడానికి మేస్త్రీకి రెండు మూడు రోజుల పని. డాబా పైపును గుంతకు కలపడం ప్లంబరుకు ఒక పూట. మొక్క ఖరీదు కంటే దానికి మొదటి రెండు వేసవులు నీళ్లు పోసే మనిషి ముఖ్యం. వాచ్‌మన్‌కు నెలకు కొంత అదనంగా ఇచ్చి ఆ బాధ్యత అప్పగించండి, ఊరికే చేయమనకండి. నాటిన ఫొటో కంటే రెండో ఏడు చెట్టు ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

కొత్తగా ఫ్లాటు కొనేవాళ్లకూ ఒక మాట. బుకింగ్ ముందు వాస్తు, పార్కింగు, లిఫ్టు కంపెనీ అన్నీ అడుగుతారు. వాన నీళ్లు ఎటు పోతాయి, మట్టి ఎంత వదిలారు, ఇంకుడు గుంత ఎక్కడుంది, తెరిచి చూపించమని కూడా అడగండి. కొనేవాళ్లు అడగడం మొదలుపెడితే బిల్డర్లు వదలడం మొదలుపెడతారు.

జూన్ రెండో వారానికల్లా తొలి వానలు వస్తాయి. ఆలోపు మీ సంఘం మీటింగు అజెండాలో మూడు పనులు పెట్టండి. గుంత తెరిచి బాగుచేయించడం. గేటు దగ్గర చెట్టు మొదలు చుట్టూ మీటరు సిమెంటు తీయించడం. ఒక పక్క సెట్‌బ్యాక్‌లో టైల్స్ ఎత్తించి పల్లపు మడి చేయించడం. మొక్కలు మాత్రం రెండు మంచి వానలు పడి నేల లోపలి దాకా తడిశాకే నాటండి, ఎండల్లో పెట్టి చంపకండి. కడియం నర్సరీల నుంచి నాలుగైదు సంఘాలు కలిసి ఒకేసారి తెప్పించుకుంటే మనిషెత్తు మొక్కలు తక్కువలో వస్తాయి. ఏ నేలకు ఏ చెట్టు, ఎక్కడ తవ్వాలి అని సందేహం ఉంటే పటమట చుట్టుపక్కల సంఘాల మీటింగులకు నేను వచ్చి కూర్చుంటాను, డబ్బులేమీ అక్కర్లేదు. ఆదివారం పొద్దున పెట్టుకుంటే అందరం కలిసి కాంపౌండు చుట్టూ ఒకసారి తిరిగి, ఏ టైలు ఎత్తాలో అక్కడికక్కడే సుద్దముక్కతో గీసుకోవచ్చు.

ఇట్లు,
మీ పొరుగున ఉండే ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్,
పటమట, విజయవాడ